కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చు, ఇప్పుడు కీబోర్డు నేర్చుకుంటున్నాను. సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్‌ని బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదండీ. నేనూ సరళీ వరసలు, గీతాలు నేర్చుకున్న చాలా ఏళ్లకు కీబోర్డు దగ్గర కూర్చున్నవాణ్ణే. సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ అంటే పన్నెండు స్వరాలను, ఒక్కోదాని పంచమం దాని కుడిపక్క గడిలో వచ్చేలా, గడియారంలా గుండ్రంగా పేర్చిన బొమ్మ. అది నాకు శంకరాభరణం ద్వారానే బోధపడింది.

మేజర్ స్కేల్ అంటే మన ధీరశంకరాభరణమే. సి ని షడ్జమం చేసుకుంటే అన్నీ తెల్ల మెట్లే. ఇప్పుడు ఆ తెల్ల మెట్ల మీదే, దాని పంచమమైన జి ని షడ్జమంగా పెట్టుకుని వాయించండి. హరికాంభోజి పలుకుతుంది. ఎందుకంటే నిషాదం చోట ఎఫ్ ఉంది, అది కైశికి. దాన్ని ఒక మెట్టు పెంచి కాకలి చేస్తే, అంటే ఎఫ్ షార్ప్ నొక్కితే, మళ్లీ శంకరాభరణమే. జి మేజర్‌కు ఒక షార్ప్ ఎందుకో తేలిపోయింది కదా! జి కి పంచమం డి. అక్కడా ఇదే తంతు, ఈసారి సి షార్ప్ వచ్చి చేరుతుంది. కుడివైపు గడి జరిగిన ప్రతిసారీ మారేది ఆ ఒక్క నిషాదమే.

ఎడమకు వెళ్తే మధ్యమం సంగతి. ఎఫ్ ని షడ్జమం చేసి తెల్ల మెట్లు వాయిస్తే కల్యాణి. ప్రతిమధ్యమాన్ని ఒక మెట్టు తగ్గించి శుద్ధమధ్యమం చేయండి, బి ఫ్లాట్ వస్తుంది.

ఇలా 12 పంచమాలు ఎక్కితే ఏడు స్థాయిల పైన మళ్లీ సి తగులుతుంది. అది కీబోర్డు మహిమ. 3:2 నిష్పత్తిలో ఉండే శుద్ధ పంచమాలతో ఎక్కితే చివర్లో సెమీటోన్‌లో (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) దాదాపు పావు వంతు ఎక్కువవుతుంది, వలయం మూసుకోదు. అందుకే కీబోర్డులో ప్రతి పంచమాన్నీ పిసరంత తగ్గించారు.

నాకు ఇది బాగా పనికొచ్చేది భజనల్లో. పాడేవాళ్లు "రెండు శృతి" అంటే డి దగ్గర చూస్తాను. అటూ ఇటూ జి, ఎ. బొమ్మలో మైనర్లుండే లోపలి వలయంలో డి, జి, ఎ ల కింద వరసగా బి మైనర్, ఇ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్. మేజర్‌లో నడిచే పాటలు చాలావరకు ఈ ఆరు కార్డులతో (కార్డ్ అంటే కలిపి ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) గట్టెక్కుతాయి. ఒకవేళ శృతి మార్చమంటే ఈ ఆరు కార్డుల్నీ బొమ్మలో అలాగే కలిపి జరిపేస్తాను.

మాయామాళవగౌళ లాంటి వాటికి మాత్రం ఈ బొమ్మను నమ్ముకోకండి. సి శృతిలో రిషభం డి ఫ్లాట్ అవుతుంది కాబట్టి మామూలు డి అవసరమయ్యే, పక్క గడిలోని జి మేజర్ కార్డే అందులో కుదరదు.