వైరల్ లోడ్ కనిపించకపోయినా హెపటైటిస్-బి మందు ఎందుకు ఆపకూడదు?

ప్రశ్న: హెపటైటిస్-బికి నాలుగేళ్లుగా టెనోఫోవిర్ వాడుతున్నాను. ఈసారి రిపోర్టులో వైరస్ డీఎన్ఏ (వైరల్ లోడ్) కనిపించలేదు. హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఉపరితల ప్రోటీన్) మాత్రం ఇంకా పాజిటివ్‌గానే ఉంది. వైరస్ పోయినట్టా, ఉన్నట్టా? మందు ఆపొచ్చా?

ఉన్నట్టే. మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఆ రెండు పరీక్షలూ కొలిచేవి వేర్వేరు. వైరస్ తన ప్రోటీన్లతో కణంలో ఏం చేయించుకుంటుందో చూస్తే రిపోర్టులోని ఈ తిరకాసు విడిపోతుంది.

ఈ వైరస్ జన్యు పదార్థం సుమారు 3,200 అక్షరాల వలయాకారపు డీఎన్ఏ. రెండు పోగుల్లో ఒకటి అసంపూర్తిగా ఉంటుంది. అది కాలేయ కణపు కేంద్రకంలోకి చేరగానే, కణం తన మరమ్మతు ఎంజైములతోనే ఆ లోటు పూడ్చేస్తుంది. అలా తయారయ్యే పూర్తి వలయమే సీసీసీ డీఎన్ఏ, అంటే వైరస్ మూలప్రతి. కణపు సొంత పాలిమరేజ్ (జన్యు పదార్థాన్ని కాపీ చేసే ఎంజైమ్) దాన్ని చదివి ఆర్ఎన్ఏ నకళ్లు తీస్తుంది. వాటిలో సుమారు 3,500 అక్షరాల పొడవున్నది వైరస్ పాలిమరేజ్‌కు కావలసిన ముడిసరుకు. పాలిమరేజ్ దాని మొదటి కొసన ఉన్న ముడిలాంటి భాగాన్ని పట్టుకుంటుంది. కోర్ ప్రోటీన్లు జంటలుగా, ఎక్కువగా 120 జంటలు, ఆ రెంటి చుట్టూ గుల్లలా కట్టుకుంటాయి. ఇక పనంతా గుల్ల లోపలే. పాలిమరేజ్ తనలోని ఒక టైరోసిన్‌కే తొలి అక్షరాన్ని అతికించుకుని డీఎన్ఏ పోగు మొదలుపెడుతుంది. కాపీ అయిన మేరకు వెనకాలే ఆర్ఎన్ఏను కత్తిరించేస్తుంది.

టెనోఫోవిర్ అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. డీఎన్ఏ అక్షరంలా నటించి గొలుసులో చేరుతుంది, ఆ తర్వాత గొలుసు సాగదు. డీఎన్ఏ ఉన్న కొత్త వైరస్‌లు దాదాపు ఆగిపోతాయి కాబట్టే వైరల్ లోడ్ కనిపించదు. కానీ మూలప్రతి జోలికి ఈ మందు పోదు. ఉపరితల ప్రోటీన్‌కు పాలిమరేజ్ పనితో నిమిత్తం లేదు, మూలప్రతి నుంచి నేరుగా ఆర్ఎన్ఏ వస్తే చాలు. క్రోమోజోముల్లో అతుక్కుపోయిన వైరస్ డీఎన్ఏ ముక్కలూ దాన్ని తయారుచేస్తుంటాయి. మీ హెచ్‌బీఎస్ఏజీ అదే. చికిత్స లేని రోగిలో డీఎన్ఏ లేకుండా ఈ ప్రోటీన్‌తో తయారైన ఖాళీ రేణువులు అసలు వైరస్‌ల కన్నా వేల రెట్లు ఎక్కువగా ఉంటాయి.

మందు మానేస్తే పాలిమరేజ్ మళ్లీ పని అందుకుంటుంది. వైరస్ ఒక్కసారిగా పెరిగి కాలేయం వాచే ప్రమాదం ఉంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) ఉన్నవారికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. కొందరికి వైద్యులు ఆలోచించి ఆపుతారు, కానీ ఆ తర్వాత నెలల తరబడి పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటారు.

ప్రశ్న: హెపటైటిస్-బి వైరస్‌లోని ఎక్స్ ప్రోటీన్ చాలా చిన్నదంటారు. దాని మీద అంత పరిశోధన ఎందుకు?

ఉన్నవి 154 అమైనో ఆమ్లాలే. అయినా అది లేని వైరస్ కణంలోకి చేరినా దాదాపు మూగబోతుంది. మూలప్రతి తయారవుతుంది గానీ దాని నుంచి ఆర్ఎన్ఏ సరిగా రాదు. కణంలో ఎస్ఎంసీ5/6 అనే ప్రోటీన్ల కూటమి ఉంది. క్రోమోజోములో భాగం కాని వలయాకారపు డీఎన్ఏ కనిపిస్తే దాన్ని నోరెత్తనివ్వదు. ఎక్స్ ప్రోటీన్ కణంలోని డీడీబీ1 అనే ప్రోటీన్‌ను పట్టుకుని, దాని ద్వారా ఈ కాపలాదారును కణపు చెత్త యంత్రాంగానికి అప్పగిస్తుంది. ఇది 2016లో బయటపడింది.

అంతకుముందు వచ్చిన ఎన్నో ఫలితాలను కాస్త జాగ్రత్తగా చదవాలి. కణాల్లోకి ఎక్స్ జన్యువును మోతాదుకు మించి ఎక్కించి చూస్తే అది కనిపించిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కుంటుంది. నిజమైన ఇన్ఫెక్షన్‌లో అలా జరుగుతుందన్న హామీ లేదు.

ప్రశ్న: హెపటైటిస్-సి 12 వారాల్లో నయమవుతుంటే, బి ఎందుకు కాదు?

సి వైరస్‌కు మూలప్రతి లేదు. దానిది సుమారు 9,600 అక్షరాల ఆర్ఎన్ఏ, కేంద్రకంతో పనిలేదు. ముందుగా దాదాపు 3,000 అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి గొలుసు తయారై, 10 ప్రోటీన్లుగా తెగుతుంది. వాటిలో ఎన్ఎస్5బి ఆర్ఎన్ఏను కాపీ చేస్తుంది, ఎన్ఎస్5ఏ అందుకు కావలసిన పొరల గూళ్లు కట్టడంలో సాయపడుతుంది. సోఫోస్‌బువిర్ 400 మి.గ్రా. మొదటిదాన్ని, వెల్పటాస్విర్ 100 మి.గ్రా. రెండోదాన్ని దెబ్బతీస్తాయి. రెండూ కలిసిన మాత్ర రోజుకొకటి. కొత్త కాపీలు ఆగితే పాత ఆర్ఎన్ఏ తనంతట తానే కరిగిపోతుంది.

రెండు జాగ్రత్తలు. నయమైందో లేదో తేల్చేది మందు ముగిశాక 12 వారాలకు చేసే ఆర్ఎన్ఏ పరీక్ష. యాంటీబాడీ నయమైనా పాజిటివ్‌గానే మిగలొచ్చు. ఇక చికిత్సకు ముందే హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే సి తగ్గుతుంటే నిద్రాణంగా ఉన్న బి విజృంభించవచ్చు.

ప్రశ్న: నాకు హెపటైటిస్-బితో పాటు హెపటైటిస్-డి కూడా ఉంది. టెనోఫోవిర్ సరిపోతుందా?

డి మీద దాని ప్రభావం పెద్దగా ఉండదు. డి వైరస్‌కు సొంత పాలిమరేజే లేదు, కణపు పాలిమరేజ్‌తోనే కాపీలు తీయించుకుంటుంది. బి నుంచి అది అరువు తెచ్చుకునేది ఉపరితల ప్రోటీన్ ఒక్కటే, పై తొడుగు కోసం. ఆ ప్రోటీన్‌ను టెనోఫోవిర్ ఆపలేదని పైన చూశాం కదా. బులెవిర్టైడ్ అనే మందు వేరే చోట అడ్డుపడుతుంది. రెండు వైరస్‌లూ కాలేయ కణంలోకి దూరే ఎన్‌టీసీపీ అనే ద్వారాన్నే మూసేస్తుంది. దాన్ని రోజూ 2 మి.గ్రా. చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. మీ ఇంట్లోవాళ్లకు బి సోకి ఉండకపోతే బి టీకా వేయించండి, డి నుంచి కూడా అదే కాపాడుతుంది.