చిన్నీకి, నంబర్ల గురించి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఆ టైంలో ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాం కదా, దడదడలాడుతూ తీశాను. "అక్కా, చిన్నీని హాకీ లీగ్‌లో తీసుకున్నారు" అంది. నేను ఏడ్చాను, అదీ ఏడ్చింది, మీ పెదనాన్న టీవీ సౌండ్ తగ్గించి ఎవరు పోయారని అడిగారు.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. మొదటి విడత డబ్బు రాగానే ఎవరో బెంగళూరు కుర్రాడి దగ్గర ఆరు నెలల ప్యాకేజీ తీసుకుంటావట, వాడు నీ మ్యాచ్‌లన్నీ చూసి లెక్కలు తీసి పంపుతాడట, "ఇక నా కోచ్ డేటానే" అన్నావట. అక్కడ నా నిద్ర ఎగిరిపోయింది. ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు మామూలువి. కాంట్రాక్ట్ చదవకుండా సంతకం పెట్టకు. కొత్త షూ వేసుకుని మొదటి మ్యాచ్‌కి దిగకు. నీళ్ళు తాగు, వేళకి పడుకో. అంతే.

నేను లెక్కలకి వ్యతిరేకిని కాదు బిడ్డా. మెట్టుగూడలో గోల్‌కీపర్‌గా ఆడిన రోజుల్లో నా ప్యాడ్ల బ్యాగ్‌లో ఎర్ర అట్ట నోట్‌బుక్ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఏ టీమ్‌లో పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర తప్పు చేస్తే అవతలివాళ్ళకి దక్కేది) ఎవరు కొడతారు, ఏ పోస్ట్ వైపు కొడతారు, దానికి గీత మీద నుంచి బంతి పుష్ చేసే అమ్మాయి వదిలేముందు ఎటు చూస్తుంది, అన్నీ రాసుకునేదాన్ని. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. అప్పట్లో ఆట 35 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, మీలా 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు కాదు. హాఫ్ టైంలో నారింజ తొనలు నములుతూ ఆ గీతలు చూసుకునేదాన్ని. ఆ పుస్తకం నాకు చాలా గోల్స్ ఆపి పెట్టింది. ఇప్పుడు టీమ్ అనలిస్ట్ ల్యాప్‌టాప్‌లో చేసేది కూడా సగం అదే, నా రాత కంటే శుభ్రంగా ఉంటుంది, అంతే తేడా.

తప్పు జరిగింది ఆ పుస్తకం చివరి పేజీలో.

చివరి పేజీలో నా సొంత లెక్క ఉండేది, ఏ మ్యాచ్‌లో ఎన్ని షాట్లు ఆపానో. మొదట్లో ఊరికే రాసుకున్నా. ఒకసారి ఒక మ్యాచ్‌లో 14 ఆపాను, మర్నాడు పేపర్లో ఒక మూల రెండు లైన్లు వచ్చాయి, మీ తాతయ్య ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఆ పేజీ మీద ఆశ పుట్టింది. మ్యాచ్ అయ్యాక గ్లోవ్స్ తీయకముందే గీతలు గీసేదాన్ని. గోల్‌కీపర్ పనిలో సగం నోటితో చేసేదని నీకు చెప్పక్కర్లేదు, నువ్వు డిఫెండర్‌వి, వెనకనుంచి అరుపు వినపడకపోతే ఎలా ఉంటుందో తెలుసు. "ఎడమ!", "వదిలెయ్!", "వెనక మనిషుంది!" ఆ అరుపులతో షాట్ పుట్టకముందే చంపేయాలి. పుట్టని షాట్‌కి నా పేజీలో గీత ఉండదు కదా. మెల్లగా నా అరుపులు తగ్గాయి. కావాలని చేయలేదు అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటా.

డిపార్ట్‌మెంట్ టీమ్‌ల టోర్నమెంట్, సెమీఫైనల్. 0-0, ఇంకో నాలుగైదు నిమిషాలుంది. వాళ్ళ అమ్మాయి కుడివైపు నుంచి డీ లోకి, అంటే గోల్ ముందున్న అర్ధచంద్రపు గీత లోపలికి, బంతి తీసుకొస్తోంది. మా ఫుల్‌బ్యాక్ ఆమె మీదకి వెళ్ళింది, తన వీపు వెనకనుంచి ఇంకో అమ్మాయి జారుకుంటోంది. తనకి కనపడదు. నాకు కనపడుతోంది. ఒక్క మాట, "వెనక!" అంటే చాలు. నేనేం చేస్తున్నానో తెలుసా? మోకాళ్ళు వంచి, షాట్ కోసం సిద్ధమై, ఇది పన్నెండోది అనుకుంటున్నా. షాట్ వచ్చింది, ప్యాడ్‌తో ఆపాను, ఆపిన బంతి నేరుగా ఆ రెండో అమ్మాయి స్టిక్ మీదకి వెళ్ళింది. 1-0. ఇంటికొచ్చాం.

డ్రెస్సింగ్ రూంలో ఆ ఫుల్‌బ్యాక్ షిన్ గార్డులు విప్పుతూ, తల ఎత్తకుండా, "నీకు కనపడలేదా?" అంది. లేదన్నాను. ఆ రాత్రి బసలో నోట్‌బుక్ తీసి పన్నెండో గీత గీశాను, మొదటి షాట్ ఆపాను కదా అని. మీ అమ్మకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు ఇది.

మొన్న టొరంటో నుంచి మీ అన్నయ్య ఫోన్ చేసినప్పుడు ఐస్ హాకీ లెక్కల గురించి గంటసేపు చెప్పాడు. వాడికిప్పుడు అదే పిచ్చి. కోర్సీ అని ఒక లెక్క ఉందట, గోల్ మీదకి వెళ్ళినవి, పక్కకి పోయినవి, మధ్యలో అడ్డం పడి ఆగినవి, కొట్టాలని చూసిన ప్రతి షాట్ అందులో వస్తుంది. నువ్వు ఆడుతున్నప్పుడు మీవాళ్ళు ఎన్ని కొట్టారు, అవతలివాళ్ళు ఎన్ని కొట్టారు అని చూస్తారు. ఆ పేరు జిమ్ కోర్సీ అనే ఆయనది. ఆయన అప్పట్లో బఫెలో సేబర్స్ అనే ఐస్ హాకీ టీమ్‌లో గోల్‌కీపర్ల కోచ్! గోల్‌కీపర్ ఎంత కష్టపడిందో ఆపిన షాట్లు ఒక్కటే చూస్తే తెలియదని, రాకుండా పోయినవి కూడా లెక్కపెట్టాడు. అది విన్నాక ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను. వాడు "అమ్మా, లైన్‌లో ఉన్నావా" అంటున్నాడు.

సరే, నీ సంగతికి వస్తా. ఆ కుర్రాడికి డబ్బు కట్టకు. మీ టీమ్‌కి అనలిస్ట్ ఉంటాడు, వాడి దగ్గరికి వెళ్ళి మూడే అడుగు: మన గోల్ వైపు 23 మీటర్ల గీత లోపల బంతి ఎక్కడెక్కడ పోగొట్టుకున్నాను, నా కాలికి తగిలి ఎన్ని పెనాల్టీ కార్నర్లు ఇచ్చాను, నాలుగో క్వార్టర్‌లో నా తప్పులు పెరుగుతున్నాయా. ప్రతి అంకె వెనకున్న వీడియో ముక్క చూపించమను, చూపించలేకపోతే ఆ అంకె వదిలెయ్. ట్యాకిల్ అని దేన్ని లెక్కపెడుతున్నావు బాబూ అని కూడా అడుగు, సిగ్గుపడకు. పాస్‌ల శాతం మాత్రం అడగొద్దు. పక్కనున్న పిల్లకీ, వెనకున్న గోల్‌కీపర్‌కీ ఇచ్చుకుంటూ పోతే ఎవరికైనా 95 వస్తుంది, నీకు వచ్చిన ఆ పొడుగు పాస్ చచ్చిపోతుంది.

పారిస్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు బ్రిటన్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్ మా ఇంట్లోనే చూశావుగా, సోఫా మీద నిలబడి. 17వ నిమిషంలో మన డిఫెండర్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్, మిగతా ఆటంతా 10 మందితో 1-1 దగ్గర ఆపి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ రోజు మన డిఫెండర్ల లెక్కల కాగితం ఒక్కటే చూసి మార్కులు వేస్తే ఏం తెలుస్తుంది? గోల్‌కీపర్ శ్రీజేష్ గొంతు ఏ కాలమ్‌లో వేస్తారు?

మూడు మ్యాచ్‌లు బాగా ఆడావని పొంగిపోకు, మూడు పాడుచేశావని కుంగిపోకు. మీ అన్నయ్య పీడీఓ అని ఇంకోటి చెప్పాడు, నువ్వు దిగినప్పుడు మీవాళ్ళ షాట్లు ఎంత శాతం గోల్ అయ్యాయో, మీ కీపర్ ఎంత శాతం ఆపిందో కలుపుతారట. లీగ్ మొత్తానికి అది 100. నీది 105 వస్తే ఎక్కువ భాగం అదృష్టమే, నెమ్మదిగా దిగుతుంది. కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడు పైకి ఉన్నప్పుడే మాట్లాడు, అది వేరే విషయం.

ఒక్క నంబర్ మాత్రం కళ్ళు మూసుకుని విను. వెనక జీపీఎస్ పెట్టిన ఆ బనియన్ వేస్తారు కదా, అది ఈ వారం ఎక్కువ పరిగెత్తావు, తగ్గించు అంటే తగ్గించు. తొడ కండరం పట్టేసిందని నేను ఎవరికీ చెప్పకుండా రెండు నెలలు ఆడాను. ఇప్పుడు మెట్లు ఎక్కేటప్పుడు మీ పెదనాన్న నా చెయ్యి పట్టుకుంటారు, ఆయనకి అది ఇష్టమే అనుకో. నీకు ఆ గతి పట్టొద్దు. నొప్పి ఉంటే ఫిజియోకి చెప్పు, బెంచ్ మీద కూర్చోబెడతారని భయపడి దాచావంటే నేనే రైలెక్కి వచ్చి అందరి ముందు చెవి మెలిపెడతా.

ఎర్ర నోట్‌బుక్ మీ అమ్మ చేతికిచ్చాను, గచ్చిబౌలి క్యాంప్‌కి వచ్చేటప్పుడు తెస్తుంది. చివరి పేజీ చించలేదు. మధ్యలో టీ మరక ఉన్న పేజీలు అతుక్కుపోయి ఉంటాయి, బలవంతంగా లాగకు, అది మీ పెదనాన్న పని.

నీ పెద్దమ్మ