కరెంట్ అకౌంటు మార్చే ముందు మా ఆవిడ అడిగిన లెక్క

మీ ప్రశ్న చదివాను. జనగామలో హార్డ్‌వేర్ దుకాణం, మినిమం బ్యాలెన్సు లేదని మూడు నెలలకోసారి బ్యాంకు కోత, జీరో బ్యాలెన్స్ కరెంట్ అకౌంటు ఇస్తామని దుకాణం చుట్టూ తిరుగుతున్న ఇంకో బ్యాంకు వాళ్లు. మారిపోవచ్చా, మారితే ఏ బ్యాంకు మేలు అని అడిగారు.

ఏ బ్యాంకు మేలో నేను చెప్పను. ఆ ప్రశ్న అడిగిన వాళ్లంతా పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డవాళ్లే. మీ గల్లాపెట్టెలోకి డబ్బు ఏ రూపంలో వస్తుంది? నోట్లా, ఫోన్‌లోనా, చెక్కులా? ఐదు వందల కాగితాలా, పదులూ ఇరవైలా? ఇవి తేలకుండా బ్యాంకు పేరు చెప్పేవాడు ఏజెంటు అయినా అయి ఉండాలి, వ్యాపారం చేయని వాడైనా అయి ఉండాలి.

మాది నరసరావుపేటలో బిస్కెట్లు, టీ పొడి, సబ్బుల స్టాకిస్టు వ్యాపారం. రొంపిచర్ల, నకరికల్లు వైపు లైను బండ్లు వెళతాయి. సాయంత్రం అవి తిరిగి వచ్చేసరికి సంచి నిండా చిల్లర దుకాణాల వసూలు. పది, ఇరవై, యాభై నోట్లు, పైగా తడిసినవీ, టేపు అంటించినవీ. ఆ సంచి బ్యాంకు కౌంటరు మీద పెడితే క్యాషియరు ముఖం ఎలా మారుతుందో నోట్ల వ్యాపారం చేసే వాళ్లందరికీ తెలుసు.

నేనూ మీలాగే మొదట మినిమం బ్యాలెన్సు కోత మీదే మండిపడేవాడిని. మా ఆవిడ మాత్రం ఏడాది స్టేట్‌మెంట్ తెప్పించి, దుకాణం కట్టేశాక ఎర్ర పెన్ను, స్కేలు పెట్టుకుని కూర్చుంది. ఖాతాలో మనం వేయని, మనం తీయని ప్రతి వరుస కిందా గీత గీయడం ఆమె పద్ధతి. గీతలన్నీ అయ్యాక చూస్తే మినిమం బ్యాలెన్సు కోత ఒక్కచోటే ఉంది. మిగతా ఎర్రదనమంతా క్యాష్ హ్యాండ్లింగ్ చార్జీలది. మన డబ్బు మన ఖాతాలో మనమే వేసుకుంటే అది లెక్కపెట్టినందుకు బ్యాంకు పుచ్చుకునే కూలి అన్నమాట.

ఉచితంగా వేసుకోగల నగదుకు ఒక హద్దు ఉంటుంది, అది దాటితే వెయ్యికి మూడున్నర అన్నారు. వినడానికి అదెంత! లక్షకు మూడు వందల యాభై. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 413. మా మార్జిన్ నాలుగు శాతం, అంటే లక్ష మీద నాలుగు వేలు. అందులో పదో వంతు పైగా నోట్లు లెక్కపెట్టించుకున్నందుకే పోతోంది. చిన్న నోట్లకు విడిగా ఇంకో రేటు పెట్టిన బ్యాంకులూ ఉన్నాయి. ఎండలో లైను తిరిగేది మా కుర్రాళ్లు, కమీషను ఎవరికి వెళుతోందో చూడండి.

ఆ రోజుల్లోనే ఒక కొత్త బ్యాంకు కుర్రాడు దుకాణానికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ట్యాబు, వేలిముద్ర తీసే చిన్న యంత్రం. ఎండన పడి వచ్చాడని మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు ఖాళీ కాకముందే పాన్ కార్డు అడిగాడు.

"జీరో బ్యాలెన్స్ అకౌంటు అండీ. ఏ చార్జీలూ ఉండవు" అన్నాడు.

"రోజూ లక్ష రూపాయలు పదులు, ఇరవైల్లో తెచ్చి వేస్తాం. దానికీ చార్జీ ఉండదా నాయనా?" అని ఆమె అడిగింది.

"అంతా ఫ్రీ అండీ."

"అయితే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు."

కుర్రాడు నవ్వి, ట్యాబులో చార్జీల పట్టిక తెరిచాడు. ఉచితం అనే మాట పక్కన ఒక చుక్క గుర్తు ఉంది. ఆ చుక్కకు అర్థం పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మా ఆవిడ లోపలికి వెళ్లి పంచాంగం చూసే భూతద్దం తెచ్చింది. ట్యాబును వేళ్లతో పెద్దది చేసి చూడవచ్చని అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె వినలేదు. భూతద్దంలోనే చదివింది. నెలలో ఉచితంగా వేసుకోగల నగదు, ఆ నెల ఖాతాలో ఉంచిన సగటు నిల్వకు పన్నెండు రెట్లు అని ఉంది.

"మీది జీరో బ్యాలెన్స్ అకౌంటు కదా నాయనా. సున్నాకు పన్నెండు రెట్లు ఎంత?"

కుర్రాడు ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు. ఎవరితోనో చాలాసేపు మాట్లాడి వచ్చి, లక్ష రూపాయల నిల్వ పెడితే పన్నెండు లక్షల దాకా ఫ్రీ అండీ, అదైతే మీకు ఇంకా మంచి అకౌంటు అన్నాడు. అతని తప్పేమీ లేదు. నెలకు ఇన్ని ఖాతాలని పైవాళ్లు లెక్క పెడతారు, ఆ చుక్క గుర్తు గురించి శిక్షణలో చెప్పి ఉండరు. మళ్లీ ఎండన పడి పోతున్నాడు కదా అని ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపాం.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి చెబుతాను. నగదు హద్దును ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా కడుతుంది. కొన్ని నెల మొత్తానికి కడతాయి, కొన్ని నిల్వను బట్టి రెట్లు కడతాయి, కొన్ని నిల్వతో సంబంధం లేకుండా రోజుకు ఇంత అని కడతాయి. మాలాగా రోజూ వసూలు ఉండేవాళ్లకు రోజువారీ హద్దే నయం. వారానికోసారి ఒక్క మొత్తంగా డబ్బు వచ్చే వ్యాపారానికి అది నష్టం, వాళ్లకు నెలవారీ హద్దు కావాలి. మేం రోజువారీ హద్దు ఉన్న బ్యాంకుకు మారాం. అది రెండు వీధుల అవతలే ఉంది, ఏ కుర్రాడూ వచ్చి దాని గురించి చెప్పలేదు. బాగున్న ఖాతాను అమ్మడానికి ఎవరూ ఎండలో తిరగరని నాకు గట్టి నమ్మకం.

లైను బండ్లకు స్కానర్లు అంటించాక నగదు కూడా బాగా తగ్గింది. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి కమీషను తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి నియమం ఉంది. అలాగని అదీ పూర్తి ఉచితం కాదు, సౌండ్ బాక్సు అద్దె ఉంటుంది. డబ్బు వచ్చిందని అరవడానికి నెలనెలా అద్దె! బండిలో బిల్లు రాసే కుర్రాడికి ఫోను తెర చూసే కళ్లున్నాయి కదా అని నేను అవి పెట్టించలేదు.

నగదు మాట వచ్చింది కనుక పది రూపాయల నాణెం గురించీ చెప్పాలి. మా పల్లెల్లో ఇప్పటికీ అది చెల్లదని తీసుకోని వాళ్లు ఉన్నారు. అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. బ్యాంకులు నాణేలు తీసుకోవాల్సిందేనని కూడా ఎన్నోసార్లు చెప్పింది. అయినా నాణేల సంచి చూడగానే కౌంటరులో "రేపు రండి" అంటారు. రేపు వెళితే క్యాషియరు సెలవు. మా గోడౌన్‌లో ఆ సంచి తలుపుకు అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తోంది.

సరే, మీ విషయానికి వస్తాను. హార్డ్‌వేర్ దుకాణం అంటున్నారు. మీ దగ్గర కొనేది మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, ఇల్లు కట్టుకునేవాళ్లు. చాలామంది ఫోన్‌లోనే కొడతారు, పెద్ద బిల్లులు చెక్కు మీదో ఖాతా బదిలీ మీదో వస్తాయి. అదే నిజమైతే మమ్మల్ని భయపెట్టిన ఆ చుక్క గుర్తు మిమ్మల్ని ఏమీ చేయదు. జీరో బ్యాలెన్స్ ఖాతా మీకు నప్పవచ్చు. కానీ ముందు మీ పాత బ్యాంకులోనే అడగండి. కరెంట్ అకౌంట్లలో రకాలు ఉంటాయి. మీకు అంటగట్టిన రకం కంటే తక్కువ నిల్వ సరిపోయే రకం అదే బ్యాంకులో ఉండే అవకాశం ఎక్కువ. అర్జీ రాసిస్తే అకౌంటు నంబరు మారకుండానే రకం మారుస్తారు. మా పక్క ఎరువుల దుకాణం వాళ్లకు అలాగే మార్చారు. అడిగితేనే మార్చారు, వాళ్లంతట వాళ్లు చెప్పలేదు.

ఇంకో కిటుకు. మూడు నెలల సగటు అంటే ప్రతిరోజూ అంత నిల్వ ఉండాలని కాదు. ప్రతిరోజూ సాయంత్రానికి ఉన్న నిల్వలన్నీ కూడి రోజులతో భాగిస్తారు. తొంభై రోజులకు సగటున 25,000 కావాలంటే, రెండు లక్షల పాతిక వేలు పది రోజులు ఉంచితే చాలు. మిగతా ఎనభై రోజులు ఖాతా ఖాళీగా ఉన్నా కోత పడదు. పెద్ద బిల్లు డబ్బు వచ్చినప్పుడు కంపెనీకి కట్టే గడువు దాకా దాన్ని కదపకండి. బ్యాంకు నెలవారీ సగటు చూస్తుందో, మూడు నెలలది చూస్తుందో మాత్రం ముందే తెలుసుకోండి.

అలాగని పాతిక వేలు ఏడాది పొడవునా అందులోనే పడేసి నిశ్చింతగా ఉండకండి. కరెంట్ అకౌంటులో పైసా వడ్డీ రాదు. నూటికి రూపాయిన్నర వడ్డీకి బయట తెచ్చుకునే మనలాంటి వాళ్లకు పాతిక వేలు ఊరికే ఉంచడమంటే నెలకు 375, ఏడాదికి నాలుగున్నర వేలు. స్టేట్‌మెంట్‌లో ఏ వరుసలోనూ కనబడని చార్జీ ఇది. కోత అంతకంటే తక్కువైతే ఆ కోతే చౌక.

నిల్వ ఎంత తగ్గిందో దాన్ని బట్టే కోత వేయాలని, కోతతో ఖాతా సున్నా కిందికి పోకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది కదా అని కొందరు మేనేజరుతో వాదిస్తారు. 2015 ఏప్రిల్ నుంచి అమలైన ఆ నియమం సేవింగ్స్ ఖాతాలకే. దాన్ని పట్టుకుని కరెంట్ అకౌంటు గురించి వాదిస్తే మీరే చిన్నబోతారు.

మార్చాలనే తేల్చుకుంటే అసలు శ్రమ అప్పుడు మొదలవుతుంది. మా మేనల్లుడు లండన్‌లో ఉంటాడు. అక్కడ 2013 నుంచి ఖాతా మార్చే ఏర్పాటు ఒకటి ఉందట, ఏడు పనిదినాల్లో చెల్లింపులన్నీ కొత్త బ్యాంకుకు వెళ్లిపోతాయి, పాత ఖాతాకు ఎవరైనా పంపినా కొత్తదానిలో పడుతుంది. మన దగ్గర ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011లోనే వచ్చింది. బ్యాంకు ఖాతా నంబరుకూ అలాంటిది రావాలని 2017లో రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న ముంద్రా గారు అన్నారు. అది మాటగానే ఉండిపోయింది. కనుక అందరికీ మనమే చెప్పుకోవాలి. కంపెనీలకు, బాకీదారులకు, ఆడిటరుకు చెప్పాలి, జీఎస్టీ పోర్టల్‌లో కొత్త ఖాతా చేర్చాలి. కరెంటు బిల్లు, బీమా వాయిదా పాత ఖాతా నుంచి వాటంతట అవే కట్టయ్యేలా పెట్టి ఉంటే అవీ మార్చాలి. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) గానీ సీసీ (క్యాష్ క్రెడిట్) గానీ, అంటే ఖాతా మీద వాడుకునే వ్యాపార అప్పు ఉంటే ముందు అప్పిచ్చిన బ్యాంకుతో మాట్లాడండి. అప్పు ఒకచోట, కరెంట్ అకౌంటు ఇంకోచోట పెట్టుకోవడం మీద రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టులో ఆంక్షలు పెట్టి, తర్వాత కొన్ని సడలించింది.

అన్నిటికంటే ముఖ్యం, పూచీగా ఇచ్చిన చెక్కులు. సిమెంటు, పెయింటు కంపెనీలకు మీరూ సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చే ఉంటారు. అవి వెనక్కి రాకుండా పాత ఖాతా మూయకండి. ఖాతా మూసేశారన్న కారణంతో చెక్కు తిరిగివచ్చినా చెక్ బౌన్స్ కేసు పెట్టే 138 సెక్షను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే తీర్పు ఇచ్చింది. మాకు ఒక కంపెనీ నుంచి చెక్కు వెనక్కి రావడానికే అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. కొత్త చెక్కు ఇస్తేనే పాతది ఇస్తామని వాళ్లు, పాతది ఇస్తేనే కొత్తది ఇస్తానని నేను. చివరికి వాళ్ల ఏరియా మేనేజరు మా దుకాణానికే వచ్చి, బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి మార్చుకుని వెళ్లాడు.

చార్జీల మీద వేసే జీఎస్టీని చాలామంది వదిలేసుకుంటారు. మీ జీఎస్టీ నంబరు బ్యాంకులో నమోదు చేయిస్తే ఆ పన్ను మీ ఇన్‌పుట్ క్రెడిట్‌లోకి వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉంటే మాత్రం రాదు. తప్పుడు కోత వేశారనిపిస్తే ముందు బ్యాంకుకే రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫిర్యాదుకు రుసుము లేదు, వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు.

పాత ఖాతాను ఊరికే వదిలేస్తే చచ్చిపోతుందిలే అనుకోకండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతేనే దాన్ని నిద్రాణ ఖాతా అంటారు. అప్పటి నుంచి మినిమం బ్యాలెన్సు కోత వేయకూడదు, అప్పటిదాకా వేస్తూనే ఉంటారు. ఖాతా తెరిచి ఏడాది నిండకుండా మూస్తే చాలా బ్యాంకులు దానికీ చార్జీ వేస్తాయి కనుక తెరిచిన తేదీ చూసుకోండి. మిగిలిన చెక్కు ఆకులు, డెబిట్ కార్డు తిరిగి ఇచ్చేయండి. ఖాతా మూసినట్టు బ్యాంకు ముద్రతో కాగితం అడిగి తీసుకోండి. అడగందే అదీ ఇవ్వరు.