డాక్టర్ సలహా: ఢిల్లీ వర్సిటీలో సీటొచ్చింది, కానీ అక్కడ ఇమడలేకపోతున్నా.. ఇది డిప్రెషనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 19. మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక పల్లె. ఐదో తరగతి నుంచి ఇంటర్ ఎంఈసీ దాకా గురుకులంలోనే చదివాను. సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాసి ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌లో చేరాను. ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టారు. వచ్చి మూడున్నర నెలలైంది. ఇక్కడ నాకేదీ నచ్చడం లేదు. క్లాసులో అందరూ ఇంగ్లిష్, బయటికొస్తే హిందీ. డిబేటింగ్ సొసైటీ ఆడిషన్‌కు వెళితే నా ఇంగ్లిష్ విని ఇద్దరు నవ్వుకున్నారు. ఆ తర్వాత ఇక ఎక్కడికీ వెళ్లలేదు. పాఠాలు కూడా నేను అనుకున్నట్టు లేవు. పీజీ (పేయింగ్ గెస్ట్) రూమ్‌లో కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడే. రాత్రి మూడింటిదాకా ఫోన్ చూస్తాను, ఎనిమిదిన్నర క్లాసు పోతుంది. మూడు కిలోలు తగ్గాను, జుట్టు ఊడుతోంది. దసరాకు ఇంటికెళ్లినప్పుడు మాత్రం బాగానే ఉన్నాను. బాగా తిన్నాను, బతుకమ్మ ఆడాను. తిరుగు ప్రయాణానికి ముందురోజు నుంచి కడుపులో తిప్పడం, విరేచనాలు. నిద్ర కోసం రూమ్మేట్ రెండు మూడుసార్లు ఆల్ప్రజోలం సగం బిళ్ల ఇచ్చింది. నాన్న మిర్చి అమ్మిన డబ్బుతో పీజీ కడుతున్నాడు, ఆయనకు చెప్పలేను. ఇది డిప్రెషనా? మందులు వాడాలా? మానేసి హైదరాబాద్‌లో డిగ్రీలో చేరిపోనా?
- ఓ పాఠకురాలు, ఢిల్లీ

జవాబు: ముందు మీ దసరా సంగతి మాట్లాడుకుందాం. ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఆ నాలుగు మాటలే. ఇంటికెళ్లగానే ఆకలేసింది, బతుకమ్మ ఆడారు. డిప్రెషన్ ముదిరిన మనిషికి ఇది సాధారణంగా కుదరదు. ఊరు మారినా, అమ్మ ఇష్టమైన కూర వండిపెట్టినా, చిన్ననాటి స్నేహితురాళ్లు చెయ్యి పట్టి లాగినా లోపల ఏమీ కదలదు. 'అందరూ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను, అంతే' అంటారు. కాలేజీ నచ్చకపోవడాన్ని మేం జబ్బు అనం. ఒకప్పుడు ప్రాణంగా ఉన్నవి కూడా నచ్చకుండా పోతే అప్పుడు అనుమానిస్తాం. మీరింకా ఆ గట్టు దాటలేదనే నాకనిపిస్తోంది. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయకూడదు కాబట్టి 'అనిపిస్తోంది' అంటున్నాను.

తిరుగు ప్రయాణం ముందు కడుపు తిప్పడం కూడా ఇదే చెబుతోంది. టెన్షన్ పడినప్పుడు మెదడు నుంచి వెళ్లే సంకేతాలకు పెద్దపేగు కదలిక పెరుగుతుంది. పరీక్ష రోజు పొద్దున బాత్రూమ్‌కు పదిసార్లు పరుగెత్తడం లాంటిదే. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కకముందే మీ పేగులు ఢిల్లీ చేరిపోయాయన్నమాట. జీవితంలో పెద్ద మార్పు వచ్చిన మూడు నెలల్లోపు మొదలై, చదువునూ నిద్రనూ దెబ్బతీసే ఇలాంటి ఇబ్బందిని 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అంటాం. పేరు చూసి భయపడకండి. చాలామందిలో కొత్త చోటు అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. కొందరిలో మాత్రం డిప్రెషన్‌లోకి దిగుతుంది, అందుకే పట్టించుకోకుండా వదిలేయకూడదు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు గురుకులం గంట వినిపించింది. పొద్దున్నే గంట కొడితే లేవాలి. ఇంకో గంటకు గ్రౌండ్, ఇంకో గంటకు టిఫిన్, స్టడీ అవర్, లైట్లు ఆర్పడం. ఎనిమిదేళ్లు మీ నిద్రను, ఆకలిని, చదువును ఆ గంటే నడిపింది. లేవకపోతే మేడమ్ వచ్చి దుప్పటి లాగేస్తుంది. తినకపోతే పక్కనున్న అమ్మాయి అడుగుతుంది. వారం తిరిగేసరికి ఎన్ని మార్కులొచ్చాయో తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా ఎవరూ గంట కొట్టని చోటుకు వచ్చారు. క్లాసుకు వెళ్లకపోయినా ఎవరూ అడగరు, రాత్రి తినకుండా పడుకున్నా ఎవరికీ తెలియదు. బయటివాళ్లు దీన్ని స్వేచ్ఛ అంటారు గానీ, మొదటి ఆరునెలలు చాలామందికి అది 'నేనున్నానో లేనో ఎవరికీ పట్టదు' అన్నట్టే ఉంటుంది. కార్పొరేట్ ఇంటర్ కాలేజీల హాస్టళ్ల నుంచి ఐఐటీలకు, ఎన్ఐటీలకు వెళ్లిన పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే జారిపడతారు. 'ఈ రెండేళ్లు కష్టపడితే చాలు, తర్వాత లైఫ్ సెట్' అని మనమే వాళ్లకు చెప్పి పంపుతాం. ఆ 'తర్వాత'లో ఏముంటుందో మాత్రం చెప్పం.

భాష సంగతికి వస్తే, నాదీ తెలుగు మీడియమే. మెడికల్ కాలేజీలో చేరిన తొలి నెలల్లో అనాటమీ వైవా. ఎగ్జామినర్ నా చేతిలో హ్యూమరస్, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక పెట్టి ఇది ఏ వైపుది అని అడిగారు. కుడిచేతిదని నాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు, ముందురోజు రాత్రి సీనియర్ దగ్గర కొన్న పాత బోన్‌సెట్ ఒళ్లో పెట్టుకుని నేర్చుకున్నాను. ఇంగ్లిష్‌లో వాక్యం కట్టలేక నా కుడిచేయి పైకెత్తి చూపించాను. గదిలో అందరూ నవ్వారు. ఏళ్లు గడిచినా ఆ ఎముక బరువు నా అరచేతికి గుర్తుంది. ఆరోజు నవ్వినవాళ్లలో ఒకాయన ఇప్పుడు మా ఇంటి ఫంక్షన్లన్నింటికీ వస్తాడు, అది వేరే కథ.

ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. అమెరికాలో గ్రెగొరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు సీనియర్ల అనుభవాలు చదివించారు. 'మొదట్లో నేనిక్కడి మనిషిని కాననిపించింది, పోనుపోను తగ్గింది' అన్నదే వాటి సారాంశం. అంతా కలిపి గంట పని. ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో, గడపని నల్లజాతి విద్యార్థుల కంటే మెరుగయ్యాయి. వాళ్ల కష్టాలేమీ మాయం కాలేదు. 'ఇది నా ఒక్కదాని లోపం' అనే లెక్క మాత్రం తప్పింది. మీ కాలేజీలోనే రెండో, మూడో ఏడాది చదువుతున్న తెలుగు అమ్మాయిని పట్టుకుని, 'అక్కా, మొదటి సెమిస్టర్‌లో నీకెలా ఉండింది?' అని అడగండి. ఢిల్లీ వర్సిటీలో మనవాళ్లకు కొదవ లేదు. ఒక సెలవు రోజున ఆ అక్కతో కలిసి ఎల్లో లైన్ మెట్రో ఎక్కి పటేల్ చౌక్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లి కడుపునిండా పప్పన్నం తిని రండి. దీన్ని నా ప్రిస్క్రిప్షన్‌లో మొదటి మందు అనుకోండి. అయితే తెలుగువాళ్ల మధ్యే మూడేళ్లు దాక్కోవద్దు. తెలుగు రాని స్నేహితురాలు ఒక్కరైనా కావాలి. దానికి డిబేటింగ్ సొసైటీయే అక్కర్లేదు, ఆడిషన్ లేని ఎన్ఎస్ఎస్ ఉంది. కలిసి మొక్కలు నాటేటప్పుడు యాక్సెంట్ ఎవరూ చూడరు.

పాఠాలు అనుకున్నట్టు లేవన్నారు. ఆ మాటను నేను జబ్బు ఖాతాలో వెయ్యను. బోరు కొట్టే లెక్చర్ ఎవరికైనా బోరే, స్లైడ్లు చదివి వెళ్లిపోయే మాస్టారి మీద మీ తీర్పు సరైనదే కావచ్చు. నిద్రలేని కళ్లతో ఆ తీర్పు ఇస్తున్నారా లేదా అన్నదే నా సందేహం. తెల్లవారుజామున మూడింటికి పడుకున్న మనిషికి మంచి పాఠం కూడా గోడలాగే కనిపిస్తుంది.

కాబట్టి నిద్ర. ఎన్నింటికి పడుకోవాలో వదిలేయండి, ఎన్నింటికి లేవాలో ఖాయం చేసుకోండి. ఆరున్నర అనుకుందాం. ఆదివారమైనా ఆరున్నరే. మీ గంట మీరే కొట్టుకోవాలి. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట వెలుతురులో నడవండి. మీ కిటికీకి గోడ అడ్డమని రాశారు కదా, ఆ గది మీ ఒంట్లోని గడియారాన్ని పాడుచేస్తోంది. మెదడుకు తెల్లారిందని తెలిసేది కంట్లో పడే వెలుతురుతోనే. నార్త్ క్యాంపస్ వైపు ఉంటే స్నేహితురాలిని తోడు తీసుకుని రిడ్జ్ అడవి పక్క రోడ్డు మీద నడవొచ్చు. గాలి మరీ పొగగా ఉన్న రోజుల్లో కాలేజీ వరండాలో ఎండ పడేచోట కూర్చున్నా సరే. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ వద్దు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఫోన్‌ను మంచానికి దూరంగా, లేచి నడిస్తే తప్ప అందని చోట ఛార్జింగ్ పెట్టండి. మొదటి నాలుగు రోజులు నరకంలా ఉంటుంది, రెండో వారానికి దారిలో పడుతుంది.

ఇప్పుడు కాస్త కోప్పడతాను. రూమ్మేట్ ఇచ్చిన ఆల్ప్రజోలం ఇంకెప్పుడూ ముట్టుకోవద్దు. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. వారాల తరబడి వాడితే అది లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది, అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మీరు రెండు మూడుసార్లే, అదీ సగం బిళ్లే వేసుకున్నారు కాబట్టి ఆపేస్తే ఏమీ కాదు. ఆ రూమ్మేట్ మాత్రం రోజూ వేసుకుంటుంటే, ఆమె తనంతట తానుగా మానకుండా డాక్టర్‌ను కలవాలి. ఈ ముక్క ఆమెకు చదివి వినిపించండి.

బరువు తగ్గడం, జుట్టు ఊడటం.. ఈ రెండింటినీ మనసు మీదికే నెట్టేయకూడదు. పరాటా సహించక మ్యాగీ, టీతో గడిపే అమ్మాయిల్లో రక్తహీనత చాలా మామూలు. సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. థైరాయిడ్ ఎక్కువైనా తక్కువైనా మనిషి డీలా పడొచ్చు, జుట్టూ ఊడొచ్చు. నార్త్ క్యాంపస్‌లో వర్సిటీ వాళ్ల డబ్ల్యూయూఎస్ హెల్త్ సెంటర్ ఉంది, ఐడీ కార్డు పట్టుకుని వెళ్లి కనుక్కోండి. నెలసరి తేడాలుంటే అక్కడ సిగ్గుపడకుండా చెప్పండి.

మానసిక మందులు ఇప్పుడే అక్కర్లేదని నా అభిప్రాయం. ఈ లోపు కాలేజీ కౌన్సెలర్‌ను ఒకసారి కలవండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. కాబట్టి అది మీరు అడిగి తీసుకోవాల్సిన సేవ. 'ఇంగ్లిష్‌లో ఏడవలేను డాక్టర్' అంటారా, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేసే ఉచిత ప్రభుత్వ సేవ. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలని, పొద్దున లేవకపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? మీరు రాయలేదు కాబట్టి లేదనుకోను. అనిపించి ఉంటే రిపోర్టుల కోసం ఆగొద్దు. ఇవాళే ఆ సంగతి ఒకరికి చెప్పండి, గదిలో ఒంటరిగా ఉండకండి, 14416కు గానీ, ప్రమాదం అనిపిస్తే 112కు గానీ ఫోన్ చేయండి. అలాగే రెండు వారాలపాటు దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇంటికెళ్లినా సంతోషం లేకపోయినా, తిండి పూర్తిగా పడిపోయినా సైకియాట్రిస్ట్‌ను కలవాల్సిందే. అప్పుడు మందులు వాడటంలో తప్పేం లేదు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ వయసు వాళ్లను మొదట్లో దగ్గరగా గమనిస్తూ ఉండాలి, అంతే.

ఇక మానేయడం. ఇప్పుడు, నవంబర్‌లో మానేస్తే మీకు కలిసొచ్చేది ఏమీ లేదు. తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారానే కదా, ఆ నోటిఫికేషన్ వచ్చేది వేసవిలో. అప్పటిదాకా ఇంట్లో కూర్చుంటే ఊళ్లో ఫ్లెక్సీ గురించి అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికే సరిపోతుంది. డిసెంబర్ పరీక్షలు రాయండి, రెండో సెమిస్టర్ కూడా చూడండి. ఢిల్లీ వర్సిటీ కొత్త పద్ధతిలో మొదటి ఏడాది పూర్తిచేసి బయటికొస్తే సర్టిఫికెట్ ఇస్తారు, మళ్లీ వచ్చి చేరే వీలూ ఉంటుంది. నిద్ర, తిండి, ఒకరిద్దరు స్నేహితులు కుదిరాక కూడా మే నెలలో 'ఈ చదువు నాకొద్దు' అనే అనిపిస్తే నిక్షేపంగా మానేయండి. నేనే మీ నాన్నగారికి ఉత్తరం రాస్తాను. ఎకనామిక్స్ నచ్చకపోతే మారితే తప్పేముంది? ఒక చోటు నప్పకపోతే మనిషి చెడిపోయినట్టు కాదు, మిర్చి కూడా ప్రతి నేలలో పండదు. అది మీ నాన్నకు నాకంటే బాగా తెలుసు.

ఆయనకు చెప్పలేనన్నారు కదా. మొత్తం చెప్పమని నేనూ అనను. రాత్రి ఫోన్ చేసి 'తిన్నవా బిడ్డా' అని అడుగుతాడు, మీరు 'తిన్న నాయినా' అంటారు, తినకపోయినా. ఈ రాత్రి ఆ ఒక్క అబద్ధం మానేయండి. 'ఇక్కడి తిండి పడ్తలేదు, మూడు కిలోలు తగ్గిన, రక్తపరీక్ష చేయించుకుంటున్న' అని చెప్పండి. అంతవరకు చాలు. రెండు వారాలు గడిచాక రిపోర్టులతో మళ్లీ రాయండి. ఎన్ని రోజులు ఆరున్నరకు లేచారో కూడా రాయండి, నేను లెక్క చూస్తాను.