థైరాయిడ్ మాత్ర, పొద్దుటి కాఫీ

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 52. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని మూడేళ్లుగా మాత్ర వాడుతున్నాను. డాక్టర్ గారు 75 నుంచి 100 మైక్రోగ్రాములకి పెంచారు. అయినా మొన్నటి టెస్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే పెరిగే హార్మోన్) ఎక్కువగానే, 8.6 వచ్చింది. మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. చేపలు తినకపోతే ఇది లొంగదని పక్కింటావిడ అంటోంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ పెట్టిన కూరలు మానేశాను. ఉప్పు కూడా మార్చి సైంధవ లవణం వాడుతున్నాను. ఐదున్నరకి మాత్ర వేసుకుని, కాఫీ తాగి, బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళ్తాను. ఏడింటికి వచ్చి చోడి (రాగి) జావ తాగుతాను. టిఫినవగానే కాల్షియం, ఐరన్, జుట్టు ఊడకుండా బయోటిన్ బిళ్లలు. ప్రొటీన్ కోసం రాత్రి సోయా చంక్స్. ఇంకా ఏమేం మానేయాలి? మా అమ్మాయికి ఐదో నెల, నా దగ్గరే ఉంది. తనకీ ఇది వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మానేసినవి చాలమ్మా, ఇంక ఏమీ మానకండి. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగిపోయిన చోటు క్యాబేజీ కాదు, "మాత్ర వేసుకుని, కాఫీ తాగి" అన్న ముక్క.

ఈ మాత్ర ఒంటికి పట్టాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. మంచినీళ్లతో వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు. కాఫీ మాత్రని సరిగ్గా పట్టనివ్వదు. పాలు పోసుకుంటే అందులోని కాల్షియం ఇంకొంచెం అడ్డు పడుతుంది. వంద వేసుకుంటున్నానని మీరు అనుకుంటున్నారు, లోపలికి ఎంత చేరుతోందో! నేనూ ఫిల్టర్ కాఫీ మనిషినే, డికాషన్ వాసన వస్తుంటే గంట ఆగడం ఎంత కష్టమో తెలుసు. మీకో సులువైన దారి ఉంది. మాత్ర వేసుకుని వాకింగ్‌కి వెళ్లిపోండి, కాఫీ వచ్చాక తాగండి. దారిలో ఫ్రెండ్స్ టీ బండి దగ్గర ఆపితే మాత్రం కబుర్లతో సరిపెట్టుకోండి.

చోడి జావ మీరు ఏడింటికి తాగుతున్నారు కాబట్టి ఫర్వాలేదు. కాఫీ మానేశాను కదా అని ఐదున్నరకే జావ తాగేరు! వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకలకి మంచిదే, మాత్ర పక్కన మాత్రం పనికిరాదు.

అసలు గట్టిగా అడ్డుపడేవి ఆ కాల్షియం, ఐరన్ బిళ్లలు. థైరాయిడ్ మాత్రకీ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ రెండూ కూడా ఒకేసారి వద్దు, కాల్షియం ఐరన్‌ని పట్టనివ్వదు. ఐరన్ మధ్యాహ్నం మూడు నాలుగింటికి, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. కాల్షియం రాత్రి భోజనంతో. గ్యాస్‌కి వాడే తెల్లటి సిరప్‌కీ ఇదే నాలుగు గంటల లెక్క. సోయా కూడా మాత్రకి అడ్డుపడేదే, కానీ రాత్రి తింటే ఇబ్బంది లేదు. కొందరు డాక్టర్లు థైరాయిడ్ మాత్రని రాత్రి భోజనమైన మూడు గంటలకి, పడుకునే ముందు వేసుకోమంటారు. మీ డాక్టర్ గారు అలా మారిస్తే సోయా, కాల్షియం రెండూ పగటికి జరపాలి.

ఇంకో చిన్న సంగతి. నా దగ్గరికి వచ్చేవాళ్లని మాత్రల డబ్బా కూడా తెమ్మంటాను. ఒకావిడ తెచ్చిన డబ్బా మూత జిడ్డుగా ఉంది, లోపల మాత్రల అంచులు మెత్తబడి పొడి రాలుతోంది. ఎక్కడ పెడతారంటే పొయ్యి పక్క గూట్లో, పోపుల పెట్టె పైన! ఈ మాత్రకి వేడీ, చెమ్మా, వెలుతురూ పడవు. మన ఊరి ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. మూత బిగించి పడకగది అలమరలో పెట్టుకోండి.

ఇప్పుడు చేపల మాట. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది, నిజమే. కానీ ఈ రోజుల్లో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద తిరగబడటం. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు మొదట వర్ణించిన జబ్బు ఇది. దీనికి చేపలు తిన్నా తగ్గదు, తినకపోయినా ముదరదు. మీరు వేసుకునే మాత్రలోని హార్మోన్ బరువులోనే మూడింట రెండొంతుల దాకా అయోడిన్ ఉంటుంది. సముద్రపు నాచు బిళ్లలని ఆన్‌లైన్‌లో అమ్ముతారు, వాటి జోలికి పోకండి. అయోడిన్ మోతాదు మించితే థైరాయిడ్ ఇంకా మందగించవచ్చు.

అలాగని ఉప్పు మార్చడాన్ని మాత్రం ఒప్పుకోను. మీకంటే మీ అమ్మాయి కోసం చెబుతున్నాను. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, కడుపుతో ఉన్నవాళ్లకి 250. బిడ్డ మెదడు ఎదగడానికి అది అవసరం. అయోడిన్ ఉప్పులో గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నియమం. సైంధవ లవణంలో, కలపకపోతే, నామమాత్రమే. సముద్రం పక్కనే ఉన్నాం కదా అంటారేమో! నౌపడా మళ్లలో పండిన ఉప్పయినా అంతే, విడిగా కలిపితేనే అయోడిన్. ఇవాళే పాత ఉప్పు డబ్బా కిందికి దించండి. ఎక్కువ వేయక్కర్లేదు, మామూలుగా వేసేదే అయోడిన్ ఉప్పు వేయండి. అమ్మాయికి థైరాయిడ్ టెస్టు మొదటి చెకప్‌లోనే చేసి ఉంటారు. రిపోర్టులో లేకపోతే, అమ్మకి ఉందని చెప్పి ఈ వారమే చేయించండి.

క్యాబేజీ సంగతంటారా, 2010లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఉంది. 88 ఏళ్ల పెద్దావిడ క్యాబేజీ జాతి ఆకుకూరని పచ్చిగా, రోజుకి కిలో నుంచి కిలోన్నర, నెలల తరబడి తిని థైరాయిడ్ పడిపోయి ఆస్పత్రి పాలైంది. పచ్చిది, అంతంత! మీరు పెసరపప్పు వేసి ఉడికించుకునే క్యాబేజీ ఎక్కడ? ఉడికితే థైరాయిడ్‌ని అణిచే ఆ గుణం చాలావరకు పోతుంది. పనసపొట్టు కూరలో చెంచాడు ఆవముద్దకి భయపడకండి. రైతుబజారుకి వెళ్లినప్పుడు కాలీఫ్లవర్ నిక్షేపంగా తెచ్చుకోండి.

నీరసం తగ్గకపోతే బి12 కూడా చూపించుకోండి. గుడ్డు కూడా తినని వాళ్లలో అది తగ్గుతుంది, నిందంతా థైరాయిడ్ మీద పడుతుంది.

ఈ మార్పులు చేస్తున్నానని డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి. కాఫీ పక్కకి జరిగాక అదే వంద ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం ఉంటే వెంటనే వెళ్లండి, మోతాదు మీరే తగ్గించుకోవద్దు. లేకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. బయోటిన్ బిళ్లలు అంతకు రెండు రోజుల ముందే ఆపండి, వాటివల్ల రిపోర్టు తప్పుగా రావచ్చు. మొన్నటి 8.6 కూడా అవి వాడుతుండగా తీసిందే కదా, ఆ మాట కూడా ఆయనకి చెప్పండి.