నాయన పెట్టిన పెండ్లి ఎఫ్‌డీ, బిడ్డకేమో సర్జరీ

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒక చెల్లె రాసింది: "అన్నా, ఎంబీబీఎస్ చదివి హౌస్ సర్జన్ చేస్తున్న, నాకు జనరల్ సర్జరీ అంటే పిచ్చి. నాయన నా పెండ్లికని 12 లక్షలు ఎఫ్‌డీ పెట్టిండు. పెదనాయనేమో ఆడపిల్లకు కత్తెందుకు, ఇంకిన్ని కలిపి ప్రైవేట్ల స్కిన్ డాక్టర్ పీజీ సీటు కొనుర్రి అంటుండు. ఆపరేషన్ థియేటర్ (ఓటీ)ల 6 సైజు గ్లవ్స్ దొరకయి, 7 ఏస్కుంటే వేళ్ల కొసలు వేలాడుతయి, అడగనీకె యూనిట్ల ఒక్క మేడం లేదు. ఏం చెయ్యమంటవ్?"

చెల్లె, ముందుగాల లెక్క. మేనేజ్‌మెంట్ కోటాల స్కిన్ సీటంటే ఆ 12 లక్షలు మొదటి ఏడాది ఫీజుకే ఆనవు, మిగతాదానికి నాయన పొలం అమ్మాలె, ఆ మాట ఇడిచిపెట్టు. నీట్ పీజీల గవర్నమెంట్ సీటు కొట్టినవనుకో, 2025ల పెంచినంక మన తెలంగాణల ఫస్టియర్ నెల స్టైపెండే 67 వేలు దాటింది, అండ్ల నెలకు 20 వేలు ఆర్‌డీల (నెలనెల కట్టే బ్యాంకు డిపాజిట్) ఏస్కుంట పోతే ఎంఎస్, అంటే సర్జరీ పీజీ, మూడేండ్లు అయ్యేసరికి అసలే 7 లక్షల 20 వేలు. ఎఫ్‌డీ ముట్టుకునే పనే లేదు.

కాకపోతే సర్జరీల పైసలు లేటుగ వస్తయి. ఎంఎస్ మీద ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ) అంటే ఇంకో మూడేండ్లు, తోటోళ్లు కార్లు కొంటుంటే నువ్వింక నైట్ డ్యూటీల ఉంటవ్, అప్పుడు ఎట్ల నెట్టుకొచ్చినవ్ అక్కా అని అడగనీకె మనిషి కావాలె. అందుకే నెలకు ఓ 4 వేలు మెంటార్ ఖాతా అని పక్కకు తియ్యి, నవ్వకు. హైదరాబాద్‌ల ఎవరన్న సర్జన్ మేడం ఆదివారం గంటసేపు మాట్లాడ్త అంటే ఆ బస్సు చార్జీ, కాన్ఫరెన్స్ ఫీజు, ల్యాప్రోస్కోపీ (చిన్న కోతల సర్జరీ) ట్రైనింగ్, నీ సైజు గ్లవ్స్ డబ్బా, అన్నీ అండ్లకెళ్లే. ఓటీ ముచ్చట్లతోని ఆగకు, ప్రెగ్నెన్సీ అప్పుడు కోర్సు ఎన్ని నెలలు వెనక్కి జరిగింది, ఆ నెలలు ఇల్లెట్ల గడిచింది, సొంతంగ చేసిన మొదటి కేసుకు చేతికెంతొచ్చింది, సిగ్గుపడకుండ అడుగు, ఇవి నా ఎక్సెల్ షీట్ల దొరకయి.

ఇగ ఆ ఎఫ్‌డీని మింగేది నీ చదువు కాదు, నాయన ఆస్పత్రి బిల్లు. హెల్త్ పాలసీ లేకుంటే ఈ నెలనే తీస్కోర్రి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగ తీస్కునే పాలసీల మీద జీఎస్టీ కూడ లేదు. ఎంత అర్జెంటున్నా ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యకుర్రి, దాని మీదనే బ్యాంకోళ్లు లోన్ ఇస్తరు, ఎఫ్‌డీ వడ్డీ కంటె ఒకటి రెండు శాతం ఎక్కువ పడ్తది గంతే.

పెదనాయన సంగతి నన్నడగకు, మా ఇంట్లనే నేను గెలువలే. నాయనతోని మాత్రం ఫోన్ల మాట్లాడకు, ఇంటికి పొయ్యి, బీరువల నుంచి ఆ బాండ్ కాగితం తీపిచ్చి, మెచూరిటీ తేదీ చూస్కుంట పక్కన కూసోని మాట్లాడు. ఆ తేదీ నాక్కూడ పంపు.