కొత్తవాడ మగ్గం మీద వీడియో తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా మీ ఐదుగురు కలిసి వరంగల్ కొత్తవాడలో నేసే షత్రంజీల (నేల మీద పరిచే జంపఖానాల) మీద ఎనిమిది నిమిషాల వీడియో తీయబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏ కెమెరా కొనమంటావని నువ్వు అడిగావట. ఏదీ కొనవద్దు బిడ్డా. మీలో ఎవరి ఫోను బాగుంటే అది చాలు. చేతిలో ఉన్న డబ్బుతో చొక్కాకు తగిలించే మైకు, ఫోను బిగించే ట్రైపాడ్ తెచ్చుకోండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు సర్దుకుంటారు గానీ, మాట వినపడకపోతే అర నిమిషం కూడా ఆగరు.

కథ విషయంలో నాదొక విన్నపం. వరంగల్ మీద ఎవరు వీడియో తీసినా ఖిల్లాలోని కీర్తి తోరణంతోనో, వేయి స్తంభాల గుడితోనో మొదలుపెడతారు. షత్రంజీకి ఆ రాళ్లతో పని లేదు. పైగా అవి పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు కాబట్టి, అక్కడ ట్రైపాడ్ వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందన్న సంగతి ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది. ఆ గుర్తింపు వచ్చాక మగ్గం మీద కూర్చున్న మనిషి కూలి ఏమైనా పెరిగిందా అన్న ప్రశ్నను పట్టుకుంటే మీ ఎనిమిది నిమిషాలకూ ఒక దారి దొరుకుతుంది. దీనికోసం మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడండి, ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ చూపిస్తారో వివరంగా చెప్పి వాళ్ల ఒప్పుదల తీసుకోండి, ఏ వేళకు ఏ కిటికీలోంచి వెలుతురు పడుతుందో గమనించి రండి.

చిత్రీకరణ నేర్చుకోవడానికి మగ్గాన్ని మించిన బడి లేదని నా అభిప్రాయం. నేసేవారు చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తుంటారు కనుక, ఒక్క ఫోనుతోనే నాలుగు కెమెరాలు పెట్టినట్లు తీయవచ్చు: మొదట మగ్గం మొత్తం కనిపించేలా, తర్వాత నాడె (అడ్డదారం మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే పనిముట్టు) విసిరే చేయి, కాళ్లతో తొక్కే చెక్కలు, పడుగు దారాల మధ్య నుంచి కనిపించే ముఖం. ఒక్కొక్కటీ కనీసం పది సెకన్లు కదపకుండా తీయండి. ఇక్కడ ఒక చిక్కుంది. మీరు కోణం మార్చేలోపు నేత ముందుకు సాగిపోతుంది. దూరం నుంచి తీసినప్పుడు ఎర్ర చార నేస్తున్న మనిషి, దగ్గరి షాటుకు వచ్చేసరికి నీలం చారలో ఉంటాడు. ఆ రెండూ పక్కపక్కన పెడితే అతకవు. అందువల్ల ఒక రంగు చార పూర్తయ్యేలోపే మీకు కావలసిన కోణాలన్నీ ముగించుకోండి, లేదా అదే రంగు మళ్లీ వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోండి. అలాగే మగ్గానికి ఒకే పక్క నుంచి తీయండి. అవతలి పక్కకు దాటితే ఎడమ నుంచి కుడికి వెళ్లిన నాడె తెర మీద కుడి నుంచి ఎడమకు వెళ్తుంది, చూసేవారికి దిక్కు తెలియదు.

ట్యూబులైటు వెలుగులో తీస్తే బొమ్మ మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. మాటలు రికార్డు చేసేటప్పుడు మగ్గం ఆపించండి, చుట్టుపక్కల మగ్గాలు ఆడే ఇల్లయితే మధ్యాహ్నం భోజనాల వేళ చూసుకోండి. మగ్గం చప్పుడును విడిగా మూడు నాలుగు నిమిషాలు, ఎవరూ మాట్లాడని గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి. మాటల మధ్య కోత పెట్టిన చోట ఆ నిశ్శబ్దమే అతుకుగా పనికివస్తుంది. తీసినదంతా ఆ సాయంత్రమే రెండు చోట్ల కాపీ చేయనిదే ఫోనులోంచి తుడిచివేయకండి.

ఇక అసలు మాట. విద్యార్థుల బృందాల్లో ఫోను ఉన్నవాడు తీస్తాడు, సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు ఎడిటింగ్ చేస్తాడు, మిగతావాళ్లు చాయ్ తెచ్చిపెట్టి చివర్లో పేరు వేయించుకుంటారు. మార్కులు అందరికీ సమానంగానే పడతాయి, విద్య మాత్రం ఒకరిద్దరికే అబ్బుతుంది. షూటింగులో మైకు, కెమెరా, ప్రశ్నలడగడం పూటకొకరు మార్చుకోండి. తర్వాత ఆ ఫుటేజీనే ఐదుగురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, రెండు నిమిషాలకు కోసి తీసుకురండి. ఏ షాటు ఉండవలసింది లేదో, ఏది అనవసరంగా పదిసార్లు తీశారో కోతకు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. అది తెలిశాక మళ్లీ కొత్తవాడ వెళ్లిన రోజు మీ చేతిలో ఫోను వేరే తీరుగా ఆడుతుంది. అందుకే రెండో షూటింగుకు రోజులు మిగిలేలా ప్రణాళిక వేసుకోండి. ఐదు కోతల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలనే చోట గొడవ వస్తుంది, రానివ్వండి. కానీ తుది మాట ఎవరిదో ముందే తేల్చుకుని రాసిపెట్టుకోండి.

తొలి కోత పూర్తి నిడివిలో సిద్ధం కాగానే నాకు పంపు. సినిమా పాటలు హక్కులు లేకుండా ఎలాగూ వాడకూడదు. ఏ సంగీతమూ వేయకుండా, ఉత్త మాటలు, మగ్గం చప్పుడుతోనే పంపు. ఎక్కడ విసుగు పుడుతోందో అప్పుడే నాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య